నల్ల కుర్చీ ఇంటి గుమ్మంలోంచి

వేల్స్ ఉత్తర భాగంలో ట్రౌస్‌వనిద్ అనే ఊరు దాటి మైలు పైచిలుకు పోతే కొండవాలు మీద ఒక రాతి ఇల్లు కనిపిస్తుంది. రెండంతస్తులు, పైన స్లేటు పలకల కప్పు, పక్కన పశువుల కొట్టాలు, చుట్టూ రాళ్ళు పేర్చిన గోడలు, వాటి మధ్య గొర్రెలు. 1830 ప్రాంతంలో కట్టిన ఇల్లు. అలాంటివి ఆ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి, కట్టడంగా చూస్తే ఇందులో గొప్ప ఏమీ లేదు. పేరు అర్ అస్గూర్న్. దీన్ని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేది ముందు గదిలో ఉన్న ఒక కుర్చీ కోసం.

ఆ కుర్చీ కథ చాలామంది రాశారు. కవి, యుద్ధం, చావు, నల్ల గుడ్డ కప్పిన కుర్చీ. రాసేవాళ్ళు కుర్చీ దగ్గరే ఆగి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతారు. గుమ్మం దాటి బయటికొచ్చి చుట్టూ చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. అక్కడున్న చెరువు, ఆ చెరువు ఒడ్డున అణు విద్యుత్ కేంద్రం, రైళ్ళు నడవని రైలు వంతెన, ఫిరంగులు పేల్చిన కొండలు, ఇవన్నీ ఎక్కడో కూర్చున్నవాళ్ళు ఈ నేల మనకి పనికొస్తుంది అనుకున్నందువల్ల వచ్చినవే. ఆ ఇంట్లో పెద్ద కొడుకుని కూడా అలాగే తీసుకెళ్ళారు. కాబట్టి ఇంటి కథని, ఊరి కథని వేరు చేసి చెప్పడం కుదరదు.

ముందు పేర్ల సంగతి చూద్దాం, ఎందుకంటే వెల్ష్ పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చదివితే అన్నీ తప్పే అవుతాయి. ఆ భాషలో ఎఫ్ ఒక్కటే ఉంటే ‘వ’, రెండు డీలు కలిస్తే నాలుక పళ్ళకి తగిలించి పలికే మెత్తటి ‘ద’, డబ్ల్యూ చాలా చోట్ల ‘ఉ’ అనే అచ్చు. అందుకే మ్యాపులో నోరు తిరగని అక్షరాల గుంపులా కనిపించే ఊరు, పలికితే ట్రౌస్‌వనిద్. కొండకి అడ్డంగా అని దాని అర్థం. స్థానికులు ఇంకా కుదించి ట్రౌస్ అంటారు. అక్కడ ఎక్కువమంది ఇంట్లో, అంగట్లో ఇప్పటికీ వెల్షే మాట్లాడతారు. ఈ విషయం తర్వాత అణు కేంద్రం దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇక కవి. లోకానికి తెలిసిన పేరు హేద్ విన్, అసలు పేరు ఎలిస్ హంఫ్రీ ఎవాన్స్, 1887 జనవరి 13న పుట్టాడు. కొన్ని నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే కుటుంబం అర్ అస్గూర్న్‌కి వచ్చింది. పదకొండు మంది పిల్లల్లో పెద్దవాడు. పద్నాలుగేళ్ళకే బడి మానేసి గొర్రెలు కాశాడు. మధ్యలో దక్షిణాదిన బొగ్గు గనిలో మూడు నెలలు పని చేసి, అది మనకి పడదులే అని తిరిగొచ్చేశాడు. గొర్రెల కాపరిగా ఆయన సామర్థ్యం అంతంత మాత్రమేనని చెబుతారు, పద్యం కట్టడం మాత్రం చిన్నప్పుడే పట్టుబడింది. అది అంత తేలికైన విద్య కాదు. వెల్ష్ ఛందస్సులో కంగ్‌హనెద్ అని ఒకటి ఉంది. మన పద్యానికి యతి ఒక చోట కుదిరి, ప్రాస రెండో అక్షరంలో పడితే సరిపోతుంది కదా, అక్కడ ఒక రకంలో పాదాన్ని రెండు ముక్కలు చేస్తే మొదటి ముక్కలో వచ్చిన హల్లులన్నీ అదే వరసలో రెండో ముక్కలో మళ్ళీ రావాలి, అచ్చులు మాత్రం మారవచ్చు. అర్థం చెడకూడదు, ధార తెగకూడదు. కాలేజీ మొహం చూడని కుర్రాడు కొండ మీద గొర్రెల వెనక తిరుగుతూ దీన్ని సాధించాడు. అయితే అక్కడ ఇది వింతేమీ కాదు. ఊళ్ళో చర్చి సభలూ చిన్న చిన్న పోటీలూ పద్యవిద్యని రైతుల మధ్యే బతికించాయి, పండితుల దాకా పోనక్కర్లేకుండా.

ఆ పోటీల్లో గెలిచిన కవికి ఇచ్చేది కుర్చీ. డబ్బో శాలువానో కాదు, నిజంగా కూర్చునే చెక్క కుర్చీ. ఎలిస్‌కి మొదటిది 1907లో బాలా పట్టణంలో వచ్చింది. తర్వాత ఇంకా కొన్ని. అర్ అస్గూర్న్ ముందు గదిలోకి అడుగుపెడితే మొదట అనిపించేది అదే: ఇంత చిన్న గదిలో ఇన్ని కుర్చీలేంటి అని.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఆయన తనంతట తాను సైన్యంలో చేరలేదు. చంపడం తన వల్ల కాదనే మనిషి. కానీ 1916లో నిర్బంధ సైనిక చట్టం వచ్చింది. పొలం పనికి ఒకరిద్దరిని వదిలేస్తారు గానీ ఇంట్లో ఇంతమంది మగపిల్లలుంటే ఒకరైనా వెళ్ళక తప్పదు. తమ్ముడు బాబ్ వెళ్ళాల్సి రాకుండా ఎలిస్ వెళ్ళాడు. 1917 మొదట్లో శిక్షణ, లివర్‌పూల్ పక్కనున్న లిథర్లండ్ క్యాంపులో. ఈ లివర్‌పూల్ పేరు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత దుక్కుల కాలంలో రైతు కుటుంబాల సైనికులకి సెలవిచ్చారు, ఆయనకి ఏడు వారాలు దొరికింది. ఆ ఏడు వారాల్లో పొలం పని కంటే పద్యం పనే ఎక్కువ జరిగింది. జాతీయ ఐస్టెద్‌వోద్ అనే వెల్ష్ సాహిత్య, సంగీత ఉత్సవానికి పంపాల్సిన దీర్ఘ కావ్యం, ‘అర్ అర్వర్’, అంటే వీరుడు. గడువు దాటినా క్యాంపుకి వెళ్ళకపోతే మిలిటరీ పోలీసులు వచ్చి పొలంలోంచే పట్టుకెళ్ళారని, ఆ హడావుడిలో రాతప్రతి ఇంట్లో బల్ల మీదే ఉండిపోయిందని, దారిలో గుర్తున్నంతవరకూ మళ్ళీ రాసుకున్నాడని చెబుతారు. ఉత్తర ఫ్రాన్సులో ఒక పల్లెలో ఉండగా దాన్ని పూర్తి చేసి జూలైలో పోస్టు చేశాడు. పోటీ నియమం ప్రకారం అసలు పేరు ఉండకూడదు, మారుపేరు ఉండాలి. ‘ఫ్లర్ ద లీ’ అని ఫ్రెంచి పువ్వు పేరు పెట్టాడు.

జూలై 31న, పాషెన్‌డేల్ యుద్ధం మొదలైన రోజే, బెల్జియంలోని పిల్కెమ్ గుట్ట దగ్గర చనిపోయాడు. ముప్పై ఏళ్ళు. అదే రోజు చనిపోయిన ఐరిష్ కవి ఫ్రాన్సిస్ లెడ్విజ్ సమాధి కూడా ఈయన సమాధి ఉన్న శ్మశానంలోనే ఉంది.

సెప్టెంబర్ 6. ఉత్సవం ఆ ఏడు వేల్స్‌లో కాదు, లివర్‌పూల్‌కి నది అవతలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్‌లో. ఇంగ్లండులో వెల్ష్ ఉత్సవమేంటి అనిపిస్తుంది గానీ, పనుల కోసం వలసపోయిన వెల్ష్ జనం ఆ మెర్సీ నది ఒడ్డున బాగా ఎక్కువ. సభలో ప్రధానమంత్రి లాయిడ్ జార్జ్ కూడా ఉన్నాడు, ఆయనా వెల్ష్ మాట్లాడేవాడే, ఆ యుద్ధాన్ని నడుపుతున్నదీ ఆయనే. న్యాయనిర్ణేతలు ఫలితం చెప్పారు, బాకా ఊదారు, ఫ్లర్ ద లీ ఎవరో లేచి నిలబడమని మూడుసార్లు పిలిచారు. ఎవరూ లేవలేదు. కవి ఐదు వారాల కిందట యుద్ధంలో పోయాడని అప్పుడు ప్రకటించి, గెలిచినవాడిని కూర్చోబెట్టాల్సిన కుర్చీ మీద నల్ల గుడ్డ కప్పారు. ఆ రోజు నుంచి దాని పేరు నల్ల కుర్చీ. దాన్ని రైల్లో ట్రౌస్‌వనిద్ స్టేషన్‌కి తెచ్చి, అక్కడి నుంచి గుర్రబ్బండి మీద కొండెక్కించారు.

దగ్గర నుంచి చూస్తే ఆ కుర్చీ ఆ ఇంటికి నప్పేది కాదు. పెద్దది, బరువైన ఓక్ చెక్క, వీపు వైపు పైనుంచి కింద దాకా అల్లికల్లాంటి చెక్కడం. వంటింట్లో పొయ్యి, పింగాణీ పళ్ళాలు నిలబెట్టిన చెక్క బీరువా, వాడి వాడి అరిగిన బల్లలు, అంతా రైతు ఇంటి సామాను. పక్క గదిలో మాత్రం రాజుగారి సింహాసనం తెచ్చి పెట్టినట్టు ఇది. చెక్కినవాడు యూజీన్ వాన్‌ఫ్లెటరెన్, బెల్జియంలోని మెఖలెన్ నుంచి యుద్ధానికి భయపడి పారిపోయి బర్కెన్‌హెడ్ చేరిన శరణార్థి. అతను వదిలేసి వచ్చిన దేశంలోకి ఎలిస్‌ని పంపారు. ఎలిస్ అక్కడ పోయాడు, ఇతను చెక్కిన కుర్చీ ఎలిస్ ఇంటికి వచ్చింది. కథల్లో ఇలా రాస్తే మరీ కుదిర్చారురా బాబూ అంటాం.

ఇంటి గుట్టు చెప్పాలంటే కుర్చీ కంటే తలుపు గురించి చెప్పాలి. కొడుకు పోయాక జనం రావడం మొదలైంది. ఎవరొచ్చినా తలుపు తీసి చూపించింది తల్లి మేరీ. ఆమె తర్వాత ఆ పని మనవడిది, అంటే కవికి మేనల్లుడు, గెరాల్డ్ విలియమ్స్. తలుపు తీసే ఉంచుతానని అమ్మమ్మకి మాటిచ్చాడు. కొన్ని దశాబ్దాల పాటు గొర్రెల పని మధ్యలో, టికెట్టు లేకుండా, వచ్చినవాళ్ళందరికీ ఆ గదులు తిప్పి చూపించాడు. ఇది మ్యూజియం కాదు, మనుషులు కాపురం ఉన్న ఇల్లు. వేరే చోట అయితే ఇలాంటి ఇంటికి రంగులేసి, కొత్త వంటగది పెట్టి ఎప్పుడో మార్చేసేవాళ్ళు. ఇక్కడ అలా జరగలేదు కాబట్టే తర్వాత కాపాడడానికి ఏదో మిగిలింది. 2012లో ఆ ప్రాంతంలోని స్నోడోనియా జాతీయ పార్కు అధికార సంస్థ 168 ఎకరాల పొలంతో సహా ఇంటిని కొంది, మరమ్మతులు చేయించి కవి చనిపోయి వందేళ్ళయిన 2017లో మళ్ళీ తెరిచింది. గెరాల్డ్ 2021లో పోయారు.

ఇప్పుడు బయటికి వద్దాం.

ఫిరంగులు ఇక్కడికి 1914లో రాలేదు, అంతకు ముందే వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ట్రౌస్‌వనిద్ దక్షిణాన కొండల్ని సైన్యం తీసుకుని ఫిరంగుల అభ్యాసానికి వాడుకుంది. వేసవి వస్తే వేలమంది సైనికులు, గుర్రాలు, తుపాకులు. అంటే ఎలిస్‌కి ఇరవై ఏళ్ళు రాకముందే గొర్రెలు కాసే కొండకి ఫిరంగి మోత వినపడేది. శాంతమైన పల్లె నుంచి అమాయక కాపరి ఒక్కసారిగా యుద్ధంలోకి వెళ్ళాడనే మాట వినడానికి బాగుంటుంది గానీ సగమే నిజం. యుద్ధం కొండ పక్కనే రిహార్సల్ చేసుకుంటూ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ క్యాంపుని ఇంకా పెంచుతామంటే 1951లో ప్లైద్ కమ్రి అనే వెల్ష్ జాతీయవాద పార్టీవాళ్ళు గ్విన్‌వోర్ ఎవాన్స్ నాయకత్వంలో క్యాంపుకి వెళ్ళే రోడ్డు మీద బైఠాయించారు. క్యాంపు 1950ల చివర్లో మూతపడింది. ఆ చోటనే ఇప్పుడు బ్రోనాబెర్ అనే చోట చెక్క కాటేజీలు ఉన్నాయి, సెలవులకి వచ్చేవాళ్ళకి అద్దెకిస్తారు.

రైలు సంగతి ఇంకా విచిత్రం. బాలా నుంచి కుమ్ ప్రసోర్ లోయ మీదుగా బ్లైనై ఫెస్టినియోగ్‌కి 1882-83లో లైను వేశారు. కుర్చీ దిగిన స్టేషన్ ఈ లైనులోదే. అర్ అస్గూర్న్ ఉన్నది ఆ కుమ్ ప్రసోర్ లోయ ముఖద్వారం దగ్గరే, లోయ పైకి వెళ్తే తొమ్మిది కమానుల రాతి వంతెన ఇప్పటికీ నిలబడి ఉంది, దాని మీద పట్టాలు మాత్రం లేవు. ప్రయాణికుల రైళ్ళు 1960లో ఆగిపోయాయి, గూడ్సు 1961లో. కారణం, బాలా వైపు ఉన్న త్రవెరిన్ లోయని ముంచి ఆనకట్ట కట్టాలి, లైను ఆ లోయలోంచే పోతుంది. ఆనకట్ట ఎవరికి? లివర్‌పూల్ నగరానికి నీళ్ళ కోసం.

ఆ లోయలో కపెల్ కెలిన్ అనే ఊరుండేది. బడి, ప్రార్థనామందిరం, పోస్టాఫీసు, పన్నెండు ఇళ్ళు. మొత్తం వెల్ష్ మాట్లాడే ఊరు. లివర్‌పూల్ కార్పొరేషన్ తిన్నగా లండన్ పార్లమెంటులో బిల్లు పెట్టించుకుని 1957లో పాస్ చేయించుకుంది. వేల్స్ ఎంపీలు 36 మందిలో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటేయలేదు, అయినా ఆగలేదు. స్థానిక సంస్థల అనుమతి అడగాల్సిన అవసరమే రాకుండా చేసుకున్నారు మరి. 1965లో ఊరు మునిగింది. వేల్స్‌లో ఇప్పటికీ గోడల మీద ‘త్రవెరిన్‌ని గుర్తుంచుకో’ అని రాతలు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక వరస కనిపిస్తుంది. కవికి తుపాకీ పట్టడం నేర్పింది మెర్సీ ఒడ్డున. కుర్చీ ఇచ్చింది మెర్సీ ఒడ్డున. పక్క లోయ నీళ్ళు పోయిందీ, కుర్చీ దిగిన రైలు లైనుని తెగ్గొట్టిందీ మెర్సీ ఒడ్డు నగరం కోసమే. ఇందులో కుట్ర ఏమీ లేదు, ఉత్తర వేల్స్‌కి దగ్గరి మహానగరం లివర్‌పూలే కాబట్టి పనికోసం పోయేవాళ్ళు అక్కడికే పోతారు, నగరానికి ఏదైనా కావలసొస్తే ఈ కొండల వైపే చూస్తుంది. ఈ కుర్చీ గురించి రాసేటప్పుడు బర్కెన్‌హెడ్‌ని ఒక వేదిక పేరుగా మాత్రం చెప్పి వదిలేస్తే ఈ సంబంధమంతా జారిపోతుంది.

ట్రౌస్‌వనిద్ సొంత చెరువు కూడా దేవుడిచ్చింది కాదు. 1924 నుంచి 1928 దాకా ఆనకట్టలు కట్టి, చిత్తడి నేలనీ కొన్ని పొలాలనీ ఇళ్ళనీ ముంచి చేశారు, మైన్‌తూరోగ్ జలవిద్యుత్ కేంద్రం కోసం. అంటే కవి ఈ చెరువుని చూడలేదు. టూరిస్టులు దాని ఒడ్డున నిలబడి హేద్ విన్ తిరిగిన నేల అని ఫొటోలు దిగుతారు, నిజానికి ఆయన తిరిగిన నేల కొంత ఆ నీళ్ళ కింద ఉంది.

చెరువు ఉంది కాబట్టి అణు కేంద్రం వచ్చింది. బ్రిటన్‌లో మిగతా అణు విద్యుత్ కేంద్రాలన్నీ సముద్రం ఒడ్డునో నదీముఖం దగ్గరో ఉంటాయి, రియాక్టర్‌ని చల్లబరచడానికి అంత నీళ్ళు కావాలి. సముద్రానికి దూరంగా లోపలికి కట్టింది ఇదొక్కటే. 1959లో పని మొదలైంది, 1965లో కరెంటు, 1991లో ఆగిపోయింది. రెండు రియాక్టర్లకి రెండు భారీ కాంక్రీటు దిమ్మలు. కవెంట్రీ కొత్త కెథెడ్రల్ కట్టిన బాసిల్ స్పెన్స్ దీనికి ఆర్కిటెక్టు, చుట్టూ చెట్లూ నేలా ఎలా ఉండాలో చూసింది సిల్వియా క్రో. కొండల మధ్య కోటలా కనిపించాలని వాళ్ళ ఆలోచన. కోటలాగే కనిపిస్తుంది, అందులో అనుమానం లేదు, కాకపోతే ఎవరి కోట అనేది ప్రశ్న, ఉత్తర వేల్స్‌లో పేరున్న రాతి కోటలు చాలావరకు ఇంగ్లండు రాజు వెల్ష్ వాళ్ళని అణచడానికి కట్టినవే.

పైగా ఇది జాతీయ పార్కు లోపల ఉంది. ఉత్తరాన కొద్ది మైళ్ళలో ఉన్న బ్లైనై ఫెస్టినియోగ్ స్లేటు గనుల ఊరు. ఊరి మీదికి ఒరిగినట్టుండే బూడిదరంగు పలకల గుట్టలు, ఎప్పుడూ వాన, వానకి మెరిసే ఆ పలకలు. 1951లో స్నోడోనియా పార్కు హద్దులు గీసినప్పుడు ఆ గుట్టలు అందంగా లేవని బ్లైనైని వదిలేశారు, మ్యాపులో చూస్తే పార్కు మధ్యలో చిల్లు పడినట్టు ఉంటుంది. స్లేటు గుట్టలు పార్కుకి పనికిరావన్నవాళ్ళు, ఎనిమిదేళ్ళు తిరగకుండా అదే పార్కులో రియాక్టర్లు కట్టనిచ్చారు. 2021లో యునెస్కో ఆ స్లేటు ప్రాంతాన్నే ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అందం అనే మాట ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే చెల్లుతుంది.

అయితే ఇక్కడ ఏకపక్షంగా తిట్టడం కూడా తప్పే. అణు కేంద్రం ఊరికి జీతాలిచ్చింది. కొండ పొలం మీద బతకలేక నగరాలకి పోవాల్సిన కుర్రాళ్ళు ఊళ్ళోనే ఉండి, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని వెల్ష్ బడికి పంపారు. రియాక్టర్ గోడల లోపల కూడా పనిభాష చాలావరకు వెల్షే. సెలవు ఇళ్ళు కొనుక్కునే బయటి డబ్బు భాషని చంపుతుంది, మంచి ఉద్యోగం బతికిస్తుంది, ఈ లెక్క అక్కడివాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే కేంద్రం ఆగిపోయాక ఊరు ఊపిరి పీల్చుకోలేదు, టెన్షన్ పడింది. ఆ స్థలంలో మళ్ళీ ఏదైనా తేవాలని 2021లో వేల్స్ ప్రభుత్వం ఒక కంపెనీ పెడితే దాన్ని స్వాగతించినవాళ్ళు ఊళ్ళో చాలామందే. పాత కేంద్రాన్ని విప్పే పని ఇంకా నడుస్తోంది, అదీ ఉపాధే. బయటి నుంచి వచ్చి కాంక్రీటు చూసి అయ్యో అనడం తేలిక.

అణు ధూళి ఈ కొండల మీద పడింది కూడా, కానీ ఈ రియాక్టర్ నుంచి కాదు. 1986లో చెర్నోబిల్ పేలాక ఆ మేఘం వేల్స్ మీదుగా పోతున్నప్పుడు వాన కురిసింది. ఎత్తు నేలల మట్టిలో సీజియం అనే రేడియోధార్మిక పదార్థం ఇంకక గడ్డిలోకి, గడ్డిలోంచి గొర్రెలోకి. ఉత్తర వేల్స్‌లో కొన్ని వందల పొలాల రైతులు గొర్రెని అమ్మాలంటే ముందు రేడియేషన్ మీటరు పెట్టి చూపించాల్సి వచ్చింది, మోతాదు దాటితే రంగు గుర్తు వేసేవాళ్ళు. ఆ ఆంక్షలు పూర్తిగా తీసేసింది 2012లో. ఇరవై ఆరేళ్ళు. పక్కనున్న రియాక్టర్ కరెంటు తయారుచేసింది కూడా సరిగ్గా ఇరవై ఆరేళ్ళే.

చెరువుకి ఉత్తరాన గుట్ట మీద తోమెన్ అ మీర్ ఉంది. మట్టి దిబ్బ, చుట్టూ గడ్డి పెరిగిన గట్లు, చూసి తెలుసుకోవాలంటే కొంచెం ఊహ కావాలి. సుమారు క్రీ.శ. 78లో రోమన్లు కట్టిన సైనిక కోట ఇది, పక్కన చిన్న ఆంఫిథియేటర్ గుంట కూడా ఉంది. ఇంత మూలన, ఇంత వానలో ఉన్న సైనికులకి వినోదం కావాలనుకున్నారంటే ఎంత బోరు కొట్టి ఉంటుందో. వాళ్ళు పోయాక వెయ్యేళ్ళకి నార్మన్లు ఆ కోట మధ్యలోనే మట్టి దిబ్బ పోశారు. ఆ దిబ్బ మీద నిలబడితే కింద అణు కేంద్రం కనిపిస్తుంది. రోమన్, నార్మన్, అణు శాఖ, ముగ్గురూ ఇక్కడికి వచ్చింది ఇక్కడివాళ్ళ అవసరానికి కాదు.

వెల్ష్ పాత కథలకి మాత్రం ఇదే రాజధాని. లెయ్ లౌ గఫెస్ అనే వీరుడికి మనిషి కడుపున పుట్టిన భార్య దొరకదని శాపం ఉంటే, మంత్రగాళ్ళు ఓక్ పూలు, ఇంకా రెండు రకాల అడవి పూలు కలిపి ఒక అమ్మాయిని చేస్తారు. పేరు బ్లొదైవెద్. వాళ్ళు కాపురం పెట్టింది ఈ తోమెన్ అ మీర్‌లోనే. ఆమె వేరేవాడిని ప్రేమించి మొగుణ్ణి చంపించబోతుంది, సంగతి బయటపడి తరుముకొస్తుంటే చెలికత్తెలు భయంతో వెనక్కి చూస్తూ చూస్తూ నడిచి ఒక సరస్సులో పడి మునిగిపోతారు. ఆమెని గుడ్లగూబగా మారుస్తారు. తనని పూలతో చేయమని ఆమె ఎవరినీ అడగలేదు కదా అని కథ చదివినప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది, కథలో మాత్రం ఆ ప్రశ్న ఎవరూ వేయరు.

ఆ సరస్సు నిజంగా ఉంది, లిన్ మోర్విన్యోన్, కన్నెల సరస్సు, ఫెస్టినియోగ్ పైన కొండల్లో. 1910లో కవులు అక్కడ చేరి సభ పెట్టుకున్నారు. ఎలిస్ ఎవాన్స్‌కి బిరుదు పేరు ఇచ్చింది ఆ సభలోనే. హేద్ అంటే శాంతి, విన్ అంటే తెల్లని, పవిత్రమైన అని. లోయల్లో పొగమంచు మీద ఎండ పడ్డప్పటి వెలుగు ఆ పేరు పెట్టినవాళ్ళ మనసులో ఉందట. అప్పటికి యుద్ధం ఊసు లేదు. ఏడేళ్ళ తర్వాత ఈ పేరే సైనికుడి చావుకి తగిలి ప్రపంచమంతా తిరిగింది, జనం అది యుద్ధ వ్యతిరేక కవి తనకి తాను పెట్టుకున్న పేరనుకుంటారు. కాదు, పొగమంచు పేరు.

ఊరి మధ్యలో విగ్రహం ఉంది. 1923లో కొడుకు విగ్రహాన్ని తల్లి చేతే ఆవిష్కరింపజేశారు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ప్రతి ఊరూ యుద్ధ స్మారకాలు కడుతోంది, టోపీ, తుపాకీ, తల వంచిన సైనికుడు, నమూనా సిద్ధంగా ఉంది. ట్రౌస్‌వనిద్ దాన్ని తీసుకోలేదు. వాళ్ళ కంచు ఎలిస్ చొక్కా చేతులు మడిచి, పొలంలోంచి ఇప్పుడే వచ్చిన గొర్రెల కాపరిలా ఉంటాడు, ఒంటి మీద యూనిఫాం లేదు. సైన్యంలో ఉన్నది ఏడాది కూడా నిండలేదు, కొండ మీద ఉన్నది ముప్పై ఏళ్ళు, ఊరు ఆ లెక్కనే తీసుకుంది.

పేరు నిలబడ్డ ఇంకొకాయన కూడా ఈ ఊళ్ళో పుట్టాడు. జాన్ రాబర్ట్స్ అనే కాథలిక్ మతగురువు, లండన్‌లో ప్లేగు రోగులకి సేవ చేసినవాడు, 1610లో మతం పేరుతో ఉరి తీశారు, 1970లో పునీతుడిగా ప్రకటించారు. ఊరికి ఇద్దరు ప్రసిద్ధులైతే ఇద్దర్నీ చంపింది ప్రభుత్వమే అని అక్కడివాళ్ళు జోకు వేస్తే తప్పుపట్టలేం.

అర్ అస్గూర్న్‌కి ఇప్పుడు వెళ్తే ముందుగా పశువుల కొట్టంలోకి పంపుతారు, అక్కడే టికెట్టు. తర్వాత గైడు ఇంట్లోకి తీసుకెళ్తాడు, ఒక్కో గదిలో ఆగి చెబుతాడు. వంటిల్లు, పొయ్యి, బల్ల, చివరికి కుర్చీలున్న గది. నల్ల కుర్చీలో కూర్చోనివ్వరు. కూర్చోవాల్సినవాడు కూడా ఒక్కసారీ కూర్చోలేదు. తిరిగి వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడితే ముందు పచ్చిక, కింద ఊరు, పడమట రినోగిద్ కొండలు. వాన లేని రోజయితే చాలాసేపు చూడొచ్చు, అలాంటి రోజులు అక్కడ తక్కువ.